హమీదా వదిలిన చోటు

మా ఇంట్లో దయ్యాలకు చోటు ఉండేది కాదు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో పెద్ద. చీకట్లో ఏదో కదిలిందని పిల్లలం ఏడిస్తే లాంతరు తీసుకెళ్లి ఆ మూల చూపించేవారు. అక్కడ ఏ గొడుగో, గోనెసంచో ఉండేది. "చూశారుగా" అని వెళ్లి పడుకునేవారు. అలా పెరిగాను నేను. తొంభై దాటిన ఈ వయసులోనూ దీపం ఆర్పేసి ఒక్కదాన్నే పడుకుంటాను.

కాబట్టి పిల్లలూ, మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడం లేదు. మొన్న నీలు పూణే నుంచి ఫోన్ చేసింది. యూనివర్సిటీలో సినిమా, మీడియా చదువులో చేరానని, మొదటి వారమే చేతికి కెమెరా ఇచ్చారని చెప్పింది. నీకు కెమెరా పట్టడం ఎవరు నేర్పారు అమ్మమ్మా అని అడిగింది. రోజ్ టీచర్ అని చెప్పి ఊరుకున్నాను. అది నిజమే గాని సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే హమీదా గురించి చెప్పాలి. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాలో ముందు లేచేది ఒకటే. దుఃఖం కాదమ్మా. అసూయ.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో, చిలకలగూడలో ఉండిపోయినవాళ్లం. అప్పటికి ఇంకా నిజాం రాజ్యమే. నాకు పదహారేళ్లు. రోజ్ టీచర్ మా స్కూల్లో డ్రాయింగు చెప్పేది. ఆంగ్లో ఇండియన్ ఆవిడ, పెళ్లి చేసుకోలేదు. తిరుమలగిరిలో తనుండే బంగళా ముందుగదిలోనే ఫోటో స్టూడియో పెట్టుకుంది. మిలిటరీ వాళ్ల కుటుంబాలు వచ్చేవి. కానీ ఆవిడకు అసలు పేరు తెచ్చింది ఘోషా ఇళ్లు. పరాయి మగవాడికి ముఖం చూపించని ఆడవాళ్లకు ఫోటో కావాలంటే కెమెరా పట్టే ఆడమనిషి రావాలి కదా. మా వైపు అలాంటి మనిషి ఆవిడ ఒక్కతే.

మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆవిడ ఇద్దరు ఆడపిల్లల్ని చేరదీసి పని నేర్పింది. ఒకదాన్ని నేను. రెండోది మా వెనక వీధిలో ఉండే దర్జీ ఖాసిం గారి కూతురు హమీదా. ఇద్దరిదీ ఒకటే వయసు. వాళ్ల ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ కలిపి మాట్లాడేవారు. మనిషి సన్నగా ఉండేది, కాస్త మెల్లకన్ను. మెల్లకన్ను పిల్ల కెమెరాలో ఏం చూస్తుందిలే అని మొదటిరోజు నాకు ధీమాగా ఉండింది.

ఆ కెమెరా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన చెక్కపెట్టె అది. ముందు లెన్సు, వెనక పలకంత గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకుని తల లోపల పెడితే ఎదుట ఉన్నదంతా ఆ అద్దం మీద పడేది. అయితే తలకిందులుగా. మనుషుల కాళ్లు పైన, తలలు కింద. ఆ కెమెరాల తీరే అంత, బొమ్మను తిప్పి నిలబెట్టే ఏర్పాటు వాటిలో లేదు. కొన్నాళ్లకు అలవాటైపోతుంది. తలకిందుల ముఖంలోనే నవ్వు బాగుందో లేదో చెప్పేయగలిగేవాళ్లం. బొమ్మ స్పష్టంగా కుదిరాక అద్దం ఉన్నచోట మందు పూసిన గాజు ప్లేటు దూర్చి, బయటికి వచ్చి, చేతిలోని రబ్బరు బంతి నొక్కాలి. అదే ఫోటో.

నేను పని తొందరగా పట్టుకున్నాను. నా ఫోటోల్లో ప్రతి ముఖం శుభ్రంగా, గీత గీసినట్టు వచ్చేది. టీచర్ చూసి, "నీ ఫోటోలో అందరూ ఉన్నారు సుగుణా" అనేది. అది మెచ్చుకోలు అనుకున్నాను కొన్నాళ్లు.

హమీదా ఫోటోలు వేరు. ఆమె నల్లగుడ్డ కింద చాలాసేపు ఉండేది. బయటికి వచ్చి, వరసలో ఎవరో ఒకరిని కొంచెం పక్కకు జరగమనేది. ఎప్పుడూ ఒకే చోట కాదు. ఒక ఇంట్లో తాత పక్కన, ఒక ఇంట్లో పెళ్లికూతురి వెనక. అక్కడ ఒక మనిషికి సరిపడా ఖాళీ మిగిలేది. ఆ ఖాళీతోనే ఫోటో తీసేది. ముఖాలు కొన్నిసార్లు మసకగా కూడా వచ్చేవి. అయినా ఫోటో అందుకున్నవాళ్లు దాన్ని వదిలిపెట్టేవాళ్లు కాదు. ఒక ముసలావిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి ఎంతోసేపు అలాగే కూర్చుంది. నేను తీసిన ఫోటో ముందు ఎవరూ అలా కూర్చోలేదు.

హమీదా ఫోటోలో గాలి ఆడుతుందని టీచర్ అందరికీ చెప్పేది. నాకు కడుపుమంట. ఇదేదో కిటుకు, నాకు చెప్పకుండా దాస్తోంది అనుకున్నాను. నేను కూడా ఒక పెళ్లివారి ఫోటోలో ఇద్దరి మధ్య చోటు వదిలి తీశాను. టీచర్ చూసి పన్ను ఊడినట్టుందని నవ్వింది. హమీదా కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు వారం రోజులు వినబడింది.

అడిగేశాను చివరికి, చోటు ఎక్కడ వదలాలో నీకెలా తెలుస్తుందని. "గట్ల కనవడ్తది, గంతే" అంది. నేను నమ్మలేదు.

అంతలో మద్రాసు మాట వచ్చింది. టీచర్ తమ్ముడు అక్కడ సినిమా ఫిల్ములు కడిగే చోట పనిచేసేవాడు. సినిమా కెమెరా, సౌండు నేర్పే కాలేజీ చదువు అక్కడ మొదలైందని, అక్కను వచ్చి తన దగ్గరే ఉండమని కబురు పెట్టాడు. టీచర్ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, ఒకర్ని తనతో తీసుకెళ్లి తన ఇంట్లోనే పెట్టుకుని ఆ చదువులో చేరుస్తానంది. ఇద్దర్ని తీసుకెళ్లలేనంది. ఎవరు అన్నది మీ ప్లేట్లే చెబుతాయి, తొందర లేదు అంది.

నాకు ఉంది తొందర. సినిమా అంటే పాపం అనుకునే ఇల్లు మాది. అయినా కదిలే బొమ్మను నా చేత్తో తీయాలన్న కోరిక అప్పటికే నాలో బాగా ముదిరిపోయింది. అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తుంటే మా అమ్మ కనిపెట్టేసింది. మద్రాసేనా అంది. అవునన్నాను. నాన్నగారి సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు హమీదా సంగతి చూసుకో అంది. మా అమ్మ అలా గుట్టుగా నవ్వించేది.

ఆ ఏడు వానాకాలం చివర్లో పోలీసు చర్య జరిగింది. అంతకుముందు నెలల తరబడి రజాకార్ల భయం. పొద్దుగూకితే నాన్నగారు తలుపు గడియ వేసి దాని వెనక బెంచీ జరిపేవారు. తర్వాత విమానాలు తిరిగాయి. రేడియోలో ప్రకటన వచ్చింది. ఇండియా సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. మా చర్చి వాళ్లందరం రోడ్డు పక్కన నిలబడి చేతులూపాం. మా వెనక వీధిలో మాత్రం తలుపులు తెరుచుకోలేదు. భయం ఇల్లు మారింది. జిల్లాల్లో ఎవరికి ఏమేం జరిగిందో కబుర్లు వస్తుంటే మా అమ్మ వినలేక లోపలికి వెళ్లిపోయేది.

హమీదా కొన్ని వారాలు స్టూడియోకి రాలేదు. ఆ వారాలన్నీ టీచర్ పక్కన నేనొక్కదాన్నే. నిజం చెప్పనా, నాకు బాగుంది. ఒకరోజు మా అమ్మే కొంగు భుజం మీద సర్దుకుని వెనక వీధికి వెళ్లింది. ఖాసిం గారితో మాట్లాడి, హమీదాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇక మీదట ఇద్దరూ కలిసే వెళ్లండి, కలిసే రండి అని మాకు చెప్పింది.

ఆ తర్వాత పని ఒక్కసారిగా పెరిగింది. చాలా కుటుంబాలు కరాచీ వెళ్లిపోవడానికి సామాను కట్టుకుంటున్నాయి. వెళ్లే ముందు ఇంట్లో అందరూ కలిసి ఒక ఫోటో కావాలి. ఎవరు ఎక్కడ తేలతారో తెలియదు కదా. అలాంటి ఒక ఇంట్లోనే టీచర్ మాకు పరీక్ష పెట్టింది.

పింగాణీ సామాను వ్యాపారం చేసే కుటుంబం అది. వాకిలంతా గడ్డి కూరిన చెక్కపెట్టెలు. ఆ ఇంటి పెద్దావిడను అందరూ దాదీమా అనేవారు. కప్పులన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి, మీకు చాయ్ దోసిట్లో పోయాలి అని టీచర్‌ని ఆటపట్టించింది. మధ్యాహ్నం ఎండ నడివాకిట నిలువునా పడుతోంది. అదే మనుషులు, అదే వెలుతురు. చెరొక ప్లేటు. ముందు నేను.

దాదీమాను కుర్చీలో కూర్చోబెట్టాను. వెనక ఇద్దరు కొడుకులు. ఒక పక్కన పెద్ద కోడలు, ఇంకో పక్కన ఇద్దరు కూతుళ్లు. నల్లగుడ్డ కప్పుకున్నాను. అది పాతబడి, నా తల వెనక భాగంలో చిరిగింది. ఎండ లోపలికి పడి అద్దం తెల్లబారుతోంది. చెప్పకముందే హమీదా వచ్చి ఆ చిరుగు మీద అరచెయ్యి పెట్టింది. లోపల చీకటయింది. బొమ్మ తేలింది.

పైన నేల, పాదాలు. కింద ముఖాలు. అంతా ఎప్పటిలాగే తలకిందులు. కోడలి పక్కన మాత్రం ఒక చిన్నపాప నిటారుగా నిలబడి ఉంది.

మూడేళ్లుంటాయేమో. ఆకుపచ్చ గౌను. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. తల పైకి, కాళ్లు కిందికి. మనం అద్దంలో చూసుకుంటే ఎలా ఉంటామో అలా. చెయ్యి పైకి చాచి కోడలి దుపట్టా అంచు పట్టుకుంది.

నేను గుడ్డలోంచి తల తీసి చూశాను. కోడలి పక్కన ఎవరూ లేరు. నేల మీద నాలుగు గడ్డిపరకలు. మళ్లీ తల లోపల పెట్టాను. పాప ఉంది. కుదురుగా నిలబడలేని పిల్లలు చేసినట్టు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది.

భయం వేసిందా అని అడుగుతారు మీరు. అదే ఇప్పటికీ నాకు వింతగా ఉంటుంది. భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఓహో, ఇదా నీ కిటుకు అనుకున్నాను. ఇక నాకూ దొరికింది అనుకున్నాను. ఆ అసూయ ఎంత గట్టిదంటే భయానికి లోపల చోటే ఇవ్వలేదు.

కోడల్ని కొంచెం ఇటు జరగమన్నాను. నా మాట పూర్తి కాకముందే ఆమె జరిగింది. ఎడమచెయ్యి కిందికి వదిలి, వేళ్లు కాస్త విప్పి నిలబడింది. ప్లేటు దూర్చాను, బంతి నొక్కాను. తర్వాత హమీదా గుడ్డ కిందికి వెళ్లింది. ఈసారి చిరుగు మీద చెయ్యి పెట్టింది నేను. ఆమె ఎవరినీ ఎక్కడికీ జరపలేదు. నేను వదిలిన చోటునే అలాగే ఉంచి బంతి నొక్కింది.

జట్కాలో తిరిగి వస్తున్నాం. టీచర్ ముందు కూర్చుని కునికిపాట్లు పడుతోంది. హమీదా నా చెవి దగ్గరికి వంగింది.

"నీకు సుత కనవడ్డదా?"

"ఆకుపచ్చ గౌను" అన్నాను.

తల ఊపింది. "ఉన్నోళ్లు తలకిందులు కనవడ్తరు. లేనోళ్లు సీదా కనవడ్తరు. గంతే. నువ్వేం పరేషాన్ గాకు."

బియ్యంలో రాళ్లు ఏరడం గురించి చెప్పినట్టు చెప్పింది. ఎప్పటినుంచి అని అడిగాను. కెమెరా పట్టిన మొదటిరోజు నుంచీ అంది. అందరికీ అంతేనేమో అనుకుందట. నేను వాళ్లకు చోటు వదలకుండా అందరినీ దగ్గరికి నెడుతుంటే, సుగుణకు జాలి లేదు అనుకునేదట.

ఆ సాయంత్రమే ఎర్రదీపం కింద టీచర్ రెండు ప్లేట్లూ కడిగింది. నా ప్లేటులో అందరూ ఉన్నారు, ముఖాలు గీత గీసినట్టున్నాయి, కోడలి పక్కన ఖాళీ ఉంది. పాప లేదు. హమీదా ప్లేటులోనూ పాప లేదు. కానీ కోడలి దుపట్టా అంచు ఒక పక్కకు బిగుసుకుని సాగి ఉంది, ఎవరో పట్టి లాగుతున్నట్టు. నా ప్లేటులో అదే దుపట్టా తిన్నగా కిందికి వేలాడుతోంది.

గాలి అంది టీచర్. కానీ అదే ప్లేటులో వెనక గుమ్మానికి ఉన్న పల్చటి పరదా మడత కూడా కదల్లేదు. కూతుళ్ల ఓణీలు కదల్లేదు. నేను లెన్సు పెట్టి మరీ చూశాను. తప్పు దొరుకుతుందేమోనని చూశాను.

టీచర్ ఆ ప్లేటును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, హమీదా నాతో వస్తుంది అంది.

కొన్నాళ్లకు హమీదా వాళ్ల అమ్మ మాటల్లో తెలిసింది. ఆ ఇంట్లో మూడేళ్ల ఆడపిల్ల జ్వరంతో పోయిందట. ఇక్కడే పూడ్చారట. కరాచీకి వెళ్లడానికి అందరూ ఒప్పుకున్నా ఆ కోడలు మాత్రం చివరిదాకా ఏడ్చిందట. ఈ సంగతి నీకు ముందే తెలుసా అని హమీదాను అడిగాను. తెలియదంది. వాళ్లూ వాళ్లూ ఎరిగినవాళ్లే కాబట్టి విని ఉండొచ్చు. కానీ నేను వినలేదు. నేను చూశాను. ఇక్కడే నా లెక్క ఆగిపోతుంది.

మద్రాసుకి ఖాసిం గారు ఒప్పుకోరని నా ఆశ. ఒప్పుకున్నారు. కుట్టుమిషనుకి నాలుగు కాళ్లు, దీనికి మూడు, అంతేగా తేడా అన్నారట. హమీదా వెళ్లింది. నేను స్టేషనుకి వెళ్లలేదు, తలనొప్పి అన్నాను. మా అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, తలనొప్పి పేరు హమీదాయేగా అంది.

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. అద్దెకు తెచ్చిన అలాంటి కెమెరాతోనే స్కూల్లో టీచరమ్మల గ్రూపు ఫోటో నేనే తీశాను. నల్లగుడ్డ కింద ఎంతసేపున్నా అందరూ తలకిందులే. ఒక్కరు కూడా నిటారుగా రాలేదు.

ఏడాది తిరక్కముందే హమీదా వచ్చేసింది. చిక్కిపోయింది. కబురు తెలిసి వెళ్లాను. తండ్రి మిషను పక్కన కూర్చుని బొత్తాలు కుడుతోంది. ఏమైందని అడిగాను.

"సినిమా కెమెరాకు పక్కపొంటి చిన్న కిటికీ లెక్క ఉంటది సుగుణా. దాంట్ల చూడాలె. దాంట్ల అందరు సీదానే కనవడ్తరు. ఎవలున్నరో, ఎవలు లేరో నాకెట్ల తెలుస్తది?"

సముద్రం ఒడ్డున క్లాసుకి తీసుకెళ్లారట. ముసలాయన ఒకడు అడ్డంగా నడుస్తున్నాడు, దాటిపోనివ్వండి అని అందరినీ ఆపిందట. అక్కడ ముసలాయన ఎవరూ లేరట. తోటి అబ్బాయిలు నవ్వారట. ఇంకోసారి నిజంగా ఉన్న మనిషిని లేడనుకుని ఊరుకుందట, బొమ్మంతా పాడైందట. కళ్లు చూపించుకోమన్నారట. అక్కడ ఇంకొన్నాళ్లుంటే పిచ్చిదాన్నయ్యేదాన్ని అంది. టీచర్ తన పాత చెక్క కెమెరాను హమీదాకే ఇచ్చి పంపేసింది.

సీటు ఖాళీ అయింది. టీచర్ నన్ను రమ్మని రాసింది. మా అమ్మ నాన్నగారి సంగతి చూసుకుంది, అన్న మాట ప్రకారం.

ఈసారి స్టేషనుకి హమీదా వచ్చింది. నా పెట్టె తనే మోసుకొచ్చింది. బండి కదిలేముందు కిటికీ ఊచ పట్టుకుని, "నీకేం తక్లీఫ్ గాదు. నీకు ఉన్నోళ్లే కనవడ్తరు" అంది. మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం చెంపదెబ్బ తగిలినట్టయింది. నేను కోరుకున్న చదువు నాకు దొరికింది. చూపు లేదు కాబట్టి దొరికింది.

బాగానే చదివాను. మా క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. దూరం కొలవకుండా కంటితోనే ఫోకస్ పెట్టేదాన్ని. మేష్టర్లు మెచ్చుకునేవారు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు కాలేజీలోని పాత చెక్క కెమెరా తీసి, తోటలో ఖాళీ బెంచీ ముందు పెట్టి, గుడ్డ కప్పుకుని కూర్చునేదాన్ని. తలకిందుల బెంచీ, తలకిందుల చెట్టు. అంతే.

చదువు పూర్తవుతుండగా మా అమ్మ పోయింది. గుండె ఆగిపోయింది. తంతి అందుకుని, రైలెక్కి నేను చేరేసరికి సమాధి కూడా అయిపోయింది.

అప్పుడు తెలిసింది, ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదని. అన్నేళ్లు కెమెరా పట్టిన కూతురు ఉండి కూడా. అడిగినప్పుడల్లా నాకెందుకే, ప్లేటు దండగ, చీర బాగోలేదు, ఇంకోసారి చూద్దాం అనేది. ఆ ముఖం ఇక ఎక్కడా లేదు. నేను మద్రాసు తిరిగి వెళ్లేలోపు మిగిలిన మనమన్నా ఒక ఫోటోలో ఉందాం అన్నారు నాన్నగారు. నేనూ అందులో ఉండాలన్నారు. హమీదాను పిలిపించారు. అప్పటికి ఆమె చుట్టుపక్కల ఘోషా ఇళ్లన్నిటికీ తిరుగుతోంది.

మధ్యాహ్నం, మా వరండాలో. నాన్నగారు, నా ఇద్దరు తమ్ముళ్లు, నేను. హమీదా కొత్త నల్లగుడ్డ కప్పుకుని చాలాసేపు ఉంది. తల బయటికి తీసింది. నా వంక చూడలేదు.

"మాస్టర్ సాబ్, జెర అటు జరుగుండ్రి" అంది.

మూలమూలకూ లాంతరు పట్టుకెళ్లిన మా నాన్నగారు, ఎందుకని ఒక్క మాట అడగలేదు. జరిగారు. తన ఎడమపక్కన ఒక మనిషికి చోటు వదిలారు.

నేను లేచాను. నేను చూస్తాను అన్నాను. హమీదా గుడ్డ ఎత్తి పట్టుకుంది. తల లోపల పెట్టాను. నాన్నగారు తలకిందులు. తమ్ముళ్లు తలకిందులు. నేను లేచి వచ్చిన కుర్చీ. నాన్నగారి పక్కన ఖాళీ. ఆ ఖాళీ వెనక సున్నం వేసిన గోడ.

"ఎక్కడ?" అన్నాను లోపల్నుంచే.

"సాబ్ పక్కకే ఉన్నది."

"ఏం చేస్తోంది?"

"కొంగు సర్దుకుంటున్నది."

నీ చెయ్యి పెట్టు అన్నాను. ఆ రోజు పింగాణీ వాళ్ల ఇంట్లో పెట్టినట్టు పెట్టమన్నాను. నేను చూసిన ఆ ఒక్కసారీ తన అరచెయ్యి నా తల మీద ఉందని నాకు ఎప్పుడో తట్టింది. ఆ చూపు కూడా తనదేనేమో, నాకు అరువిచ్చిందేమో అని ఏళ్లుగా రగిలిపోయాను. ఇప్పుడు అరువైనా ఫరవాలేదు అనిపించింది. హమీదా అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. కళ్ల నీళ్లు కారి అద్దం మసకబారితే తుడుచుకుని మళ్లీ చూశాను.

గోడ.

ఫోకస్ ఒక్క రవ్వ తప్పింది. మర కొద్దిగా తిప్పి సరిచేశాను. నేను నేర్చుకున్నది అది. బయటికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

హమీదా ప్లేటు దూర్చి, బంతి పట్టుకుని నిలబడింది. నొక్కలేదు. తమ్ముళ్లు కదలడం మొదలుపెట్టారు. ఇంకా ఎంతసేపమ్మా అని నాన్నగారు మెల్లగా అడిగారు.

"ఆగుండ్రి సాబ్. ఇంకా కాలే" అంది హమీదా. ఇంకాస్త ఆగి నొక్కింది.

ఆ ఫోటో నా దగ్గరే ఉంది, చూశారు మీరు. ఎవరి వైపూ ఏమీ సాగి లేదు, ఏమీ కదిలి లేదు. నాన్నగారి పక్కన ఖాళీ, వెనక గోడ. గోడ మీద సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టవచ్చు, ఫోకస్ అంత సరిగ్గా ఉంది.

హమీదా పోయి చాలా ఏళ్లయింది. బతికుండగా ఎన్నోసార్లు అడిగాను, ఆ పాప నాకెందుకు కనిపించింది, మా అమ్మ ఎందుకు కనిపించలేదు అని. "నాకేం తెలుసు సుగుణా" అనేది. దాచలేదనే అనుకుంటాను. ఎండలో కళ్లు చెదిరి లేని పాపను చూశానేమో అంటే, పేరైనా తెలియని ఇంట్లో పోయిన పిల్ల వయసు ఎలా కుదిరిందో చెప్పలేను. నిజంగా చూశాను అంటే, కన్నతల్లి దగ్గర ఆ చూపు ఏమైందో చెప్పలేను. తర్వాత ఇన్నేళ్లలో ఎన్ని వేల ముఖాలకు ఫోకస్ పెట్టానో. అందరూ ఉన్నవాళ్లే.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వరండాయే గుర్తొస్తుంది. అందులో కూడా నాకు అమ్మ కనిపించదు. హమీదా కనిపిస్తుంది. బంతి చేతిలో పట్టుకుని, నాన్నగారి పక్కనున్న గోడ వైపు చూస్తూ, మా అమ్మ కొంగు సర్దుకోవడం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి ఉంటుంది.